ఎముక దగ్గర పచ్చి

మనోజ్ఞ ఉదయం షట్టరు ఎత్తేసరికి సుగుణమ్మ స్టీలు డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. ఇబ్రహీంపట్నం బస్టాండు దాటాక సాగర్ రోడ్డు పక్కన మనోజ్ఞ, ఆమె అత్తగారు అరుణకుమారి కలిసి నడుపుకుంటున్న కొట్టు అది. అక్కడ కాల్చిన కోడి అమ్ముతారు. వెనక వీధిలో ఉండే సుగుణమ్మ ముందురోజు సాయంత్రం ఒక కోడి తీసుకెళ్లింది.

"గిది జర చూడు బిడ్డా," అంటూ డబ్బా మూత తీసింది.

లోపల తొడ ముక్క ఉంది. తోలు నల్లగా మాడిపోయింది. సుగుణమ్మ దాన్ని విరిచి చూపించింది. ఎముక చుట్టూ మాంసం ఇంకా ఎర్రగా, నెత్తురు చారతో ఉంది.

"పైన బొగ్గయింది, లోపట పచ్చిగనే ఉంది. చూడంగనే మేం పక్కకు పెట్టినం. గని మా లిఖిత అప్పటికే రెండు ముక్కలు తిన్నది. పొద్దుగాల లేచినకాంచి కడుపు నొస్తుందని ఒకటే ఏడుపు. జంగా దవాఖానకు తీస్కపోయిండు."

జంగా ఆమె కొడుకు. లిఖిత అతని కూతురు, నాలుగో తరగతి చదువుతోంది. మనోజ్ఞ డబ్బా మీంచి తలెత్తి అడిగింది.

"వాంతులేమైనా అయ్యాయా పెద్దమ్మా? జ్వరం వచ్చిందా?"

"ఏం రాలే. నొప్పి అంటది, గంతే. నేను కొట్లాటకు రాలే బిడ్డా. ఇంకెవ్వలకన్న గిట్లనే ఇస్తవేమోనని చెప్పనీకి వచ్చిన."

ఆమె వెళ్లిపోయాక మనోజ్ఞ షట్టరు మళ్లీ సగం దించింది. లోపల మసాలా కలుపుతున్న అరుణకుమారి అంతా విన్నది. "ఇవాళ్టికి అమ్మకం వద్దమ్మాయ్," అంది చెయ్యి కడుక్కుంటూ. మనోజ్ఞ తలూపి ఫోను తీసింది. ముందురోజు కోడి తీసుకెళ్లిన వాళ్లందరికీ వరసగా చేసింది. మిగిలి ఉంటే తినకండి, పారెయ్యండి, డబ్బులు వెనక్కి ఇస్తాను అని చెప్పింది. ఎవరికీ ఏమీ కాలేదన్నారు. బిక్షం అయితే, "మంచిగనే ఉండె గదక్కా, బొక్కలు సుత మిగల్లే," అని నవ్వాడు. పచ్చిగా ఉన్నది కూడా తినేశాడేమోనని, ఆ నవ్వు విన్నాక ఆమెకు భయం ఇంకా పెరిగింది.

కోళ్లు కాల్చే గ్రిల్లు కొట్టు షెడ్డులో ఒక మూల నల్లటి పెద్ద పెట్టెలా కూర్చుని ఉంది. నగరంలో మూసేసిన ఒక హోటలు వాళ్ల దగ్గర కొన్నది. దానికి బొగ్గు, గ్యాసు అక్కర్లేదు. రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన గుళికలు పోస్తే చాలు. మోటారు వాటిని కొద్దికొద్దిగా లోపలి ఇనుప గిన్నెలోకి తోస్తుంది. చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది. ఎంత వేడి కావాలో నొక్కితే మిగతాది అదే చూసుకోవాలి. కొన్నాళ్లుగా అది చూసుకోవడం లేదు. ఒకసారి మంట చచ్చిపోయేది, ఒకసారి భగ్గుమనేది. వానలు కదా, అదే సర్దుకుంటుందిలే అని మనోజ్ఞ నెట్టుకొచ్చింది.

ముందు గుళికల బస్తా చూసింది. సిమెంటు గచ్చు మీదే పెట్టింది దాన్ని. అడుగున గుళికలు ఉబ్బి ఉన్నాయి. వేళ్ల మధ్య నలిపితే పిండి అయిపోయాయి.

"చెమ్మ పట్టేసింది అత్తయ్యా. ఇదే అయ్యుంటుంది."

పాత గుళికలన్నీ తోడేశారు. అటక మీది కొత్త బస్తా విప్పి పోశారు. ప్లగ్గు తీసి, మంట గిన్నెలో పేరుకున్న బూడిదంతా ఊడ్చి, గాలి వచ్చే కన్నాలు పుల్లతో పొడిచి శుభ్రం చేశారు. నూట ఎనభై డిగ్రీల మీద పెట్టి, ఒక కోడిని లోపల ఉంచి మూత వేశారు. ఈసారి మంట చక్కగా అందుకుంది. గ్రిల్లు మీద వేడి చూపించే అంకె నూట యాభై దాకా వచ్చి అక్కడే ఆగింది. ఇంకా ఎక్కాలి కదా అనుకుంటూ ఉండగానే మాడు వాసన వచ్చింది. మూత తీస్తే కోడి తోలు నల్లబడుతోంది. పక్కనున్న అంకె మాత్రం నూట యాభై దాటలేదు.

మనోజ్ఞ గ్రిల్లు ఆపేసి స్టూలు మీద కూలబడింది. "నా వల్ల కాదు అత్తయ్యా. ఆ పిల్లకేమైనా అయితే..."

 అరుణకుమారి పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడే ఫోను మోగింది. సుగుణమ్మ. మనోజ్ఞ లేచి నిలబడి ఎత్తింది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా, పొల్ల మంచిగనే ఉంది! డాక్టరు పొట్ట ఒత్తి ఒత్తి అడిగితే అప్పుడు చెప్పింది. నిన్న బడి నుంచి వచ్చుకుంట దోస్తులతోని గుట్టకు పోయిందంట. పచ్చి సీతాఫలాలు కాల్చుకొని ఏడో ఎనిమిదో తిన్నదంట! గందుకే కడుపు ఉబ్బింది. మందు ఇచ్చిండు. ఇప్పుడు నొప్పి తక్కువైంది, ఇడ్లీ కావాలంటుంది."

"నిజంగానా పెద్దమ్మా?"

"అవ్, నీకెందుకు అబద్ధం చెప్త? నువ్వు జర నీళ్లు తాగు."

ఫోను పెట్టేసి మనోజ్ఞ ఏడ్చేసింది. వెంటనే నవ్వొచ్చింది. అరుణకుమారి కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పిల్లకు వచ్చిన నొప్పి తన కోడి వల్ల కాదు. అయినా కోడి పచ్చిగా ఉన్నమాట నిజమే, ఇంకోసారి ఇలా గట్టెక్కుతామన్న నమ్మకం లేదు అనుకుంది మనోజ్ఞ.  మొహం కడుక్కుని వచ్చి మళ్లీ గ్రిల్లు ముందు కూర్చుంది.

తోలు మాడేంత వేడి ఉంటే అంకె నూట యాభై ఎందుకు చూపిస్తోంది? ఇదివరకు కేకులు చేసినప్పుడు ఓవెన్లో పెట్టుకునే చిన్న గుండ్రటి థర్మామీటరు ఇంట్లో ఉంది. తెచ్చి లోపల పెట్టి మళ్లీ వెలిగించింది. గ్రిల్లు అంకె నూట యాభై అంటోంది. థర్మామీటరు ముల్లు రెండు వందల నలభై దగ్గరుంది.

"ఇది లోపల చల్లగా ఉందనుకుంటోంది అత్తయ్యా! అందుకే గుళికలు తోస్తూనే ఉంది."

చల్లారనిచ్చి టార్చితో లోపల వెతికింది. ఎడమ గోడకు చిటికెన వేలంత లోహపు పుల్ల ఒకటి ఉంది. వేడిని కనిపెట్టేది అదే. దాని చుట్టూ మసి, కొవ్వు కలిసి తారులా గడ్డకట్టాయి. ఆ పొర దాటి వేడి దానికి తగలడం లేదన్నమాట. సబ్బు నీళ్లు, పీచు పెట్టి, లోపలి తీగ కదలకుండా నెమ్మదిగా రుద్దింది. చాలాసేపటికి కింద తెల్లటి లోహం మెరిసింది.

తడి ఆరాక వెలిగించారు. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. అంకె నూట ఎనభైకి వచ్చింది. ముల్లు కూడా అక్కడికే, ఓ గీత అటూ ఇటూగా వచ్చింది. టీ పెట్టుకుని తాగేదాకా చూశారు. రెండూ కలిసే ఉన్నాయి.

కొత్త కోడిని కాల్చి పళ్లెంలో పెట్టాక అరుణకుమారి కత్తి అందుకుంది. తొడ కీలు దగ్గర ఎముక దాకా కోసి విప్పింది. మాంసం తెల్లగా ఉంది. నీరు తేటగా కారింది. రెండో తొడ కూడా కోసి చూసింది. అదీ అంతే.

"పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. ఆకలి దంచేస్తోందే," అందామె.

మనోజ్ఞ రెండు కంచాలు తెచ్చింది. షట్టరు ఎత్తాలా వద్దా అన్నది సాయంత్రం చూద్దామనుకుని, గచ్చు మీదే కూర్చుని తిన్నారు.