పాతూరి మీద పుట్టి

“నువ్వొస్తున్నవని అమ్మ పొద్దుగాలనే బట్టలు నానబెట్టింది. జర జల్ది రా” అన్నడు మా ఆయన దినేశ్ ఫోన్ల.

నేను కొల్లాపూర్ బస్టాండ్ల నిలబడి ఉన్న. శనివారం మధ్యాహ్నం పన్నెండున్నర. ఇక్కడి గురుకులంల లెక్కల టీచర్‌గ చేరి రెండేండ్లయింది. ఇల్లు నల్లగొండల. ప్రతి శనివారం కల్వకుర్తిల ఒక బస్సు, దేవరకొండల ఒక బస్సు మారి, చీకటి పడేటాళ్లకు ఇల్లు చేరుకుంట. చెప్పులు విడవకముందే బకెట్లు కనపడతయి. ఇంట్ల మిషిన్ ఉంది. “మిషిన్ల ఏస్తే కాలర్ మురికి పోదే” అంటది మా అత్త వెంకటనర్సమ్మ. ఆదివారం పొద్దంత దోసెల పిండి, అల్లం ముద్ద, వారానికి సరిపడ కూరలు. అవన్ని డబ్బాలల్ల పెట్టి ఫ్రిజ్ నింపి, సోమవారం తెల్లారకముందే మళ్ల బస్సు. “ఐదు రోజులు ఒక్కదానివే హాయిగ ఉంటవు, నీకేంది” అంటడు దినేశ్. బడిల ప్రిన్సిపాల్ సార్ మాట ఇంకో తీరు. “మీకు ఇక్కడ ఫ్యామిలీ లేదు గద మేడం” అని హాస్టల్ డ్యూటీలన్ని నా పేరు మీదనే ఏస్తడు. ఒక్కదాన్నే ఉంటున్నందుకు రెండు దిక్కుల బాకీ పడ్డట్టు బతుకుతున్న.

ఆ వారం మూడు సెక్షన్ల పేపర్లు దిద్దిన. కండ్లు మండుతున్నయి. రెండు బస్సులు పక్కపక్కన ఆగి ఉంటే, బోర్డు చదవక, జాగా దొరికిన దాంట్ల ఎక్కి కూసున్న. “యాడికమ్మా?” అని కండక్టర్ అడిగితే “కడదాక” అన్న. ఆడోళ్లకిచ్చే జీరో టికెట్ చేతుల పెట్టింది. చూడకుండనే పర్సుల ఏసుకున్న. కిటికీకి తల ఆనిచ్చింది ఒక్కటే యాది.

“లేవు మేడం. సోమశిల వచ్చింది” అని కండక్టర్ భుజం తట్టింది.

కండ్లు తెరిస్తే కిటికీ నిండ నీళ్లు.

దిగి నిలబడ్డ. కృష్ణ. నేనుండే రూముకు గింత దగ్గర్ల, గంట సేపు గూడ పట్టని దూరంల, రెండేండ్ల సంది గీ నది ఉంది. నాకు తెల్వక కాదు. చూసే వారం రాలే. అవతలి ఒడ్డు గుట్టలు పొగ లెక్క కనపడుతున్నయి. అన్ని నీళ్లున్నా సప్పుడు లేదు. పడవ లెక్కలు, ప్రవాహం లెక్కలు పిల్లలతోటి వందల సార్లు చేయించిన. ఒక్క పడవ ఎక్కలే.

అయినా మొదలు నాకు గుబులైంది బకెట్ల గురించే. బట్టలు వాసనొస్తయని. మళ్ల అదే బస్సుల పోదామంటే అది స్టార్ట్ కాలే. కొల్లాపూర్ కెల్లి మెకానిక్ రావాలె, రెండు గంటలన్న పడుతది అన్నడు డ్రైవర్. ఉన్న ఒక్క ఆటో నేను ఉరికేలోపల నిండిపోయింది.

ఒడ్డున ఒక ముసలామె పుట్టిల, బుట్ట లెక్క ఉండే పడవల, వల సర్దుతాంది. అరవై దాటినయి. “ఎంత చూసినా బస్సు లేస్తదా బిడ్డా? రా, వల చూసుకొని వద్దాం. గంటల దింపుత” అన్నది. పేరు జంగమ్మ అని చెప్పింది.

ఎందుకెక్కిన్నో నాకే తెల్వదు. గుండ్రటి పుట్టి గిర్రున తిరిగితే పాణం పోయినట్టయింది. అంచు గట్టిగ పట్టుకున్న. జంగమ్మ నవ్వుకుంట తెడ్డు ఏసింది. చానా దూరం పోయినంక తెడ్డు ఆపి, వెనక ఒడ్డు మీద ఉన్న గుడి దిక్కు, ముందర గుట్ట దిక్కు చూసింది.

“గిప్పుడు మనం మా అత్త వంటింటి మీద ఉన్నం” అన్నది.

నాకు సమజ్ కాలే.

“మా పాతూరు గీ కిందనే బిడ్డా. డ్యామ్ కట్టినంక మునిగింది. ఆ గుడి, ఆ గుట్ట కొస గిట్ల ఎదురెదురుగ వస్తే గీడనే మా ఇల్లు. ఎండకాలం నీళ్లు ఇంకితే మొండి గోడలు తేల్తయి. పొయ్యి గడ్డ గూడ చూసిన.”

వంగి చూసిన. పచ్చటి నీళ్లు, వాటి కింద చీకటి. ఆ చీకట్ల ఒక పొయ్యి.

“మూడేండ్లు వండిన ఆ ఇంట్ల. పదకొండు మందికి. అందరు తిన్నంక అడుగు గీక్కొని తినేది. ఆ గోడలు ఎన్నటికి కదలవు, నా బతుకు గింతే అనుకున్న. నీళ్లొచ్చిననాడు ఊరు ఊరంత ఏడ్సింది. నేను గూడ ఏడ్సిన, మా వాడకట్టు ఇరుగుపొరుగు కోసం. వంటింటి కోసం ఏడుపు రాలే. ఎవ్వలికి చెప్పలే ఆ మాట.”

తెడ్డు పక్కకు పెట్టి వల గుంజుడు మొదలు పెట్టింది. ఒక్కొక్క చేప వెండి లెక్క మెరుసుకుంట పైకొస్తాంది, ఆ వంటింటి మీది నుంచి. ఇన్నేండ్లల్ల గుడి ముందర గూడ నాకు చేతులు వాటంతటవే దండం పెట్టలే. అప్పుడు పెట్టినయి.

ఫోన్ మోగింది.

“కల్వకుర్తి దాటినవా?” దినేశ్.

“నది మీద ఉన్న.”

“ఏం నది?”

“కృష్ణ.”

“మరి బట్టలు?” అన్నడు.

కోపం రావాలె. రాలే. అన్ని నీళ్ల నడుమ ఆ మాట చిన్న పిలగాడు అడిగినట్టు వినపడ్డది. “నువ్వు ఉతుకు దినేశ్. ఈ వారం నేను వస్తలేను” అన్న. అవతల నుంచి ఏమన్నడో, సిగ్నల్ పోయింది.

ఐదింటికి బస్సు బాగైంది. కొల్లాపూర్‌ల దిగేసరికి కల్వకుర్తి బస్సు కదలడానికి తయారుగ ఉంది. “నల్లగొండ మేడం, రాండ్రి, సీటుంది” అని తెలిసిన కండక్టర్ పిలిచిండు. దాని పక్కనుంచే నడుసుకుంట రూముకు పోయిన.

ఆదివారం పదింటికి అత్తమ్మ ఫోన్ చేసింది. తనంతట తాను నాకు ఎప్పుడు చెయ్యదు. తిట్లకు తయారై ఎత్తిన.

“బట్టలు వాడే పిండిండు. సబ్బు సగం వాటికి అట్లనే ఉంది” అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. “నది మీదున్న అన్నవంట. నిజమేనా?”

“నిజమే అత్తమ్మా.”

“ఎట్లుంటదే?”

“చూడాలె అత్తమ్మా, చెప్తే సమజ్ కాదు” అన్న.

“గదే కృష్ణ మీది సాగర్ డ్యామ్ గింత దగ్గరుంది. డెబ్బై ఏండ్లొచ్చినయి, ఒక్కనాడు పోలే. మీ మామ ఉన్ననాడు మగ్గం, కండెలు చుట్టుడు. పోయినంక వీని అన్నం, వీని టిఫిన్.”

బకెట్ల గురించి అందామనుకున్న మాట పక్కకు పెట్టిన. “వచ్చే శనివారం గూడ నేను రాను అత్తమ్మా. నువ్వే రా” అన్న.

“ఒక్కదాన్నా?”

“ఒక్కదానివే.”

ఆమె లేచి నడిచినట్టు వినపడ్డది. తలుపు దగ్గరికి ఏసిన సప్పుడైంది.

“జర మెల్లగ చెప్పు” అన్నది. “బస్సులు యాడ యాడ మారాలె?”