పదకొండో సెకను

ఇరవై రెండు పియాలాలు, పిడి లేని టీ గిన్నెలు, కడిగి బోర్లించాను. అన్నీ ఒకేలా ఉంటాయి, తెల్లటి అంచు, నీలం పువ్వు. నీటి సంఘం సమావేశం మా ఇంట్లోనే జరుగుతుంది కాబట్టి అవన్నీ నా చేతుల మీదుగా ఆరేడుసార్లు తిరుగుతాయి. రెండు గుక్కల టీ పోసి అందించాలి. ఖాళీ అయితే నా దగ్గరికే వస్తుంది. మళ్ళీ రెండు గుక్కలు. నిండా పోశామంటే ‘ఇక లేచి వెళ్ళండి’ అన్నట్టు. ఎవరి పియాలా వాళ్ళకే వెళ్ళాలి, గుర్తు పెట్టుకోవాల్సింది కోడలే. పన్నెండేళ్ళలో ఒక్కటీ తారుమారు కాలేదు. ఈ ఘనకార్యం గురించి మా మామగారు ఇప్పటిదాకా అన్నది ఒక్కటే మాట: "ఈసారి టీ పల్చగా ఉందమ్మా."

పియాలాలు చాలా చెబుతాయి. సగం తాగి వెనక్కి పంపినవాడికి కోపం వచ్చింది. చల్లారినా చేతిలోనే తిప్పుతూ కూర్చున్నవాడు అసలు మాట ఇంకా చెప్పలేదు. ఎగువ పొలాల జుమాష్ గొంతు పెంచగానే నేను అతని పియాలా ముందుకి చాపుతాను. అందుకున్నాక తాగాలి కదా, తాగుతూ ఎవరూ అరవలేరు. ఆ సందులో జామ్ గిన్నె జరుపుతూ, "సల్కిన్ అక్కా, పొద్దున కాలువ దగ్గర ఏదో అన్నావే, ఏమిటది?" అంటాను. సల్కిన్ అక్క జుమాష్‌కి మరదలు. భర్త పోయి మూడేళ్ళయింది. ఇద్దరు చిన్న ఆడపిల్లలు, కాలువ చివర బంగాళాదుంప చేను. బావగారి ఎదుట గొంతెత్తే అలవాటు మాలో లేదు. కానీ టీ పోసే మనిషి అడిగితే జవాబు చెప్పడం మాట్లాడటం కింద రాదు. అలా ఆమె మాట సభలోకి వచ్చేది, జుమాష్ గుటక వేసేలోపు.

ఇదంతా చేసేది మా ఆయన కుబత్ అని అందరి నమ్మకం. ఆయన పేరున గోడ మీద అద్దం కట్టించిన సర్టిఫికెట్ ఉంది. ఫెసిలిటేటర్. అంటే అందరిచేతా మాట్లాడించి ఒక దారికి తెచ్చేవాడట. నాకూ ఒక సర్టిఫికెట్ ఉంది, జీవశాస్త్రంలో డిగ్రీ. అది పెట్టె అడుగున శీతాకాలపు దుప్పట్ల కింద వెచ్చగా ఉంది.

ఏప్రిల్‌లో రాజధాని బిష్కెక్ నుంచి ఒక అమ్మాయి ట్యాబ్ పట్టుకుని వచ్చింది. అందులోని కృత్రిమ మేధ మా భాషలో సభలు నడుపుతుందట. ముందు దానికి ఇక్కడి పద్ధతి నేర్పాలి. మా ఆయన్ని మొదటి ప్రశ్న అడిగింది, "ఎవరికి కోపం వచ్చిందో మీకెలా తెలుస్తుందండీ?" ఆయన మీసం నిమురుకుని, "అనుభవం" అన్నాడు. రెండో ప్రశ్నకి, "మా ఆవిడని అడుగమ్మా, టీ పోస్తూ వింటూ ఉంటుంది" అన్నాడు. మూడు రోజులు నేను పిండి కలుపుతుంటే ట్యాబ్ పొయ్యి పక్కన కూర్చుని నా గొంతు రాసుకుంది. నన్నెవరైనా అన్ని ప్రశ్నలు అడగటం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. కొంచెం గర్వపడ్డాను కూడా.

చివరి ప్రశ్న, "ఎవరైనా ఏమీ మాట్లాడకపోతే ఎలా తీసుకోవాలి అక్కా?"

నేను నోరు తెరిచేలోపు గుమ్మంలోంచి మా ఆయన అందుకున్నాడు. "నోరు విప్పలేదంటే సరే అన్నట్టే. పది సెకన్లు ఆగి రాసేసుకోమను. మా ఇంట్లో అంతేగా!" అని పకపకా నవ్వాడు.

ఆ అమ్మాయి నా వైపు చూసి, "అంతేనా అక్కా?" అంది.

చేతుల నిండా పిండి. పక్కగదిలో మామగారు. బయటి మనిషి ముందు మొగుణ్ణి కాదనడం ఎందుకులే అనుకున్నాను. అలా అనుకోవడానికి పది సెకన్లు సరిపోయాయి. ఆ అమ్మాయి టిక్కు పెట్టుకుంది.

మే నెల సభని ట్యాబ్ నడిపింది. పియాలాల చప్పుడు దానికి అడ్డమని టీ చివరికి వాయిదా వేశారు. దానికి ఆడగొంతు పెట్టారు. ఆ సభలో వినిపించిన ఆడగొంతు అదొక్కటే. సల్కిన్ అక్కకున్న పగటి నీటి వంతు తన ఉల్లి చేనుకి కావాలనీ, ఆమె రాత్రి రెండు గంటలకి పెట్టుకోవచ్చనీ జుమాష్ అన్నాడు. "అభ్యంతరం ఉందా?" అంది ట్యాబ్. పది సెకన్లు. "అందరి సమ్మతితో నెల రోజులు అమలు." మా ఆయన లాటరీ తగిలినట్టు మురిసిపోయాడు. "చూశావా, ముప్పై అయిదు నిమిషాలు! నీ టీతో అయితే మూడు గంటలు."

తర్వాత ఒక పొద్దున సల్కిన్ అక్క కుళాయి దగ్గర కనిపించింది. మోకాళ్ళ దాకా బురద. పిల్లల్ని ఒంటరిగా వదల్లేక చేనుకి తీసుకెళ్తోందట. చిన్నది కాలువ గట్టు మీదే నిద్రపోయి నీళ్ళలోకి జారిందట. చేతికి జుట్టు దొరికింది కాబట్టి సరిపోయింది.

"నువ్వు అడుగుతావనుకున్నానే" అంది, నింద ఏమీ లేకుండా. "చేతిలో పియాలా కూడా లేకపోయె. ఎటు చూడాలో తెలీలేదు."

ఈరోజు సభలో ఆ వంతు వేసవి మొత్తానికి ఖాయం చేస్తారు.

నేను గుమ్మం పక్కన సమొవార్ దగ్గర కూర్చున్నాను. ఎవరూ అడగని నీళ్ళు అందులో మరుగుతున్నాయి. పెద్దల చోటులో మామగారు, ఆయన పక్కన జుమాష్. మధ్యలో ట్యాబ్, దాని పక్కన మా ఆయన. ఇటు చివర సల్కిన్ అక్క, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని.

"అభ్యంతరం ఉందా?" అంది ట్యాబ్.

జుమాష్‌కి అంచు దాకా నింపి ఒక పియాలా ఇస్తే? ఊరంతా వారం రోజులు నవ్వుకునేది. చెయ్యి కెటిల్ దాకా వెళ్ళింది. కానీ నిండిన పియాలా ఆ యంత్రానికి వినపడదు. పన్నెండేళ్ళ నా పనితనమంతా చప్పుడు లేనిది. నేను దానికి నేర్పినది కూడా అదే.

"ఆగు" అన్నాను.

ఇరవై తలలు గుమ్మం వైపు తిరిగాయి. "టీ తర్వాత" అన్నాడు మా ఆయన.

"టీ కాదండీ."

"ఈమె సభ్యురాలు కాదు" అన్నాడు జుమాష్. "కుబత్, నీ పెళ్ళాన్ని చూసుకో."

ఈలోగా ట్యాబ్ మాట్లాడింది. "గొంతు గుర్తుపట్టాను. ఈమె బురుల్. సభ నడపడం నాకు నేర్పినవారు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మామగారు గోడ మీది సర్టిఫికెట్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"ఏప్రిల్‌లో మా వంటింట్లో నేను నోరు మూసుకుంటే సరే అని రాసుకున్నావు" అన్నాను. "అది సరే కాదు. ముందు దాన్ని కొట్టెయ్. దాని మీద కట్టుకున్న పది సెకన్ల లెక్క కూడా కొట్టెయ్."

"కొట్టేశాను. ఎంతసేపు ఆగాలి?"

"నేను చెప్పేదాకా."

సమొవార్ వదిలి లేచి వెళ్ళి సల్కిన్ అక్క పక్కన కూర్చున్నాను. పియాలా ఇవ్వలేదు, ఏమీ అడగలేదు. జుమాష్ దగ్గాడు. మా ఆయన గడియారం చూసుకున్నాడు. పది సెకన్లు అయిపోయాయి. ట్యాబ్ ఏమీ రాయలేదు.

పదకొండో సెకనులో సల్కిన్ అక్క గొంతు సవరించుకుంది.