మునిగిన ఊరి నీళ్లు

మా ఆయన దామోదర్ మంచివాడే, కాదనను. కానీ ముందూ వెనకా చూసుకోడు. ఆ మాటంటే ఇప్పటికీ మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ.

అమెరికాలో, గ్లెండేల్‌లో మేం పై వాటాలో అద్దెకుండేవాళ్లం. కింద ఇంటి ఓనర్ హాగోప్ గారు, ఆర్మీనియన్. ఎనభై దాటాయి, గుండె జబ్బు. హాల్లో అరారత్ కొండ ఫొటో పెట్టుకున్నారు. "కొండ మా అందరిదీ. మా అమ్మ ఊరు మాత్రం దీనికి చాలా పడమర, ఇప్పటి టర్కీలో, ఖార్‌పెర్ట్ మైదానంలో," అనేవారు. 1915లో టర్కీ సైనికులు ఆ ఊరి మగవాళ్లని చంపేసి, ఆడవాళ్లనీ పిల్లల్నీ ఎడారి వైపు నడిపించారట. ఆ ఇంట్లో వాళ్లమ్మ ఒక్కతే బతికి సిరియాలో అలెప్పో చేరింది. ఈయన పుట్టింది అక్కడే. ఊరు కళ్లతో చూడలేదు గానీ, చర్చి ఎక్కడో, తాతని చంపిన చోటెక్కడో అన్నీ అమ్మ చెప్పగా విన్నవే.

ఆయనకి ఒక్కటే కోరిక. తనని పూడ్చేటప్పుడు పెట్టెలో ఆ ఊరి మట్టి పిడికెడు ఉండాలి.

2009లో దామోదర్‌కి టర్కీ రాజధాని అంకారాలో ఆఫీస్ పని పడింది. మట్టి తెస్తానని మాటిచ్చాడు. వీకెండ్‌లో బస్సెక్కి అంత దూరమూ వెళ్లాడు. తీరా చూస్తే ఊరే లేదు. యూఫ్రటీస్ మీద డ్యామ్ కట్టి ఎప్పుడో ముంచేశారు.

పోనీ, వచ్చి ముందు నాతో చెప్పి ఏడవచ్చుగా? చెప్పడు. సూట్‌కేస్‌లోంచి బాటిల్ తీసుకుని తిన్నగా కిందికి దిగాడు. ఏమిటా అని నేనూ వెనకే వెళ్లాను.

మా ఆయన వాళ్ల ఊరు శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది. మా అత్తగారు ఆ రిజర్వాయర్ నీళ్లు చెంబుతో తెచ్చి దేవుడి దగ్గర పెట్టుకుని, పండగ పూట తలా కాస్త తీర్థంలా పోసేది. ఈయన దృష్టిలో ముంపు నీళ్లంటే ఊరే.

"అంకుల్, మీ ఊరు నీళ్ల కింద ఉంది. అందుకే ఈ నీళ్లు తెచ్చాను," అని ఆయన అరచేతిలో కాసిని పోశాడు. "తీసుకోండి. మేమూ ఇలాగే తీసుకుంటాం."

హాగోప్ గారి కూతురు సోనా వంటింటి గుమ్మంలో బిగుసుకుపోయింది. డ్యామ్ సంగతి ఆమెకి ఏళ్లుగా తెలుసు. తండ్రికి తెలియకుండా దాచింది.

హాగోప్ గారు అరచేతిలోకి చూస్తూ, "చర్చి పైకప్పైనా కనబడలేదా?" అన్నారు.

"లేదంకుల్."

"మా తాతని చంపారు. ఆయన మీద ఈ నీళ్లు నిలబెట్టారు. ఇవి నన్ను తాగమంటావా?"

గొంతు పెంచలేదు. చెయ్యి వంచేశారు. నీళ్లు కార్పెట్‌లోకి ఇంకిపోయాయి. నాకు దామోదర్ మీద ఒళ్లు మండిపోయింది.

ఆ తర్వాత ఆయన ఊరి మాటెత్తలేదు. మందులు మానేశారు. సోనా బతిమాలినా వినలేదు. చలికాలం రాకుండానే పోయారు.

పెట్టె మూసేముందు సోనా చిన్న రుమాలు మూట తండ్రి చేతి కింద పెట్టింది. పొద్దున ఆమె పెరట్లో గులాబీ మొక్క మొదట్లో తవ్వడం నేను పైనుంచి చూశాను. చర్చి ఫాదర్‌తో మాత్రం, "ఖార్‌పెర్ట్ మట్టి," అంది. "ఈయనే వెళ్లి తెచ్చారు," అని దామోదర్‌ని చూపించింది.

అక్కడికొచ్చిన ఆర్మీనియన్ ముసలివాళ్లు ఒక్కొక్కరే వచ్చి మా ఆయన చేతులు ముద్దు పెట్టుకున్నారు. ఈయన చేతులు వెనక్కి తీసుకోలేకపోయాడు. చివర్లో వీల్‌చెయిర్‌లో ఉన్న ఒకావిడ ఆ చెయ్యి పట్టుకుని, తనకీ కాస్త మట్టి మిగిలిందా అని అడిగింది.