ఎర్రదారం పేనిన తాడు

సాగర్ డ్యాం కడుతున్న రోజులవి. కృష్ణలో మునిగిన లాంచీ ఇంజను పైకి తీయడానికి విశాఖపట్నం నుంచి అప్పలస్వామి వచ్చాడు. గాలి సిలిండరు వీపుకు కట్టుకుంటుంటే సత్తమ్మ ఎదురొచ్చి నిలబడింది.

"నా పెనిమిటి అండ్లనే ఉన్నడయ్యా. జర తీస్కరా."

"నన్ను ఇంజను తియ్యమన్నారు. శవాల సంగతి నాకు తెల్దు."

ఒడ్డున కూర్చున్న ఆమె మరిది ఎల్లేశం పళ్లికిలించాడు. "శవమేడిది వదినె? మా అన్న గా లాంచీ ఎక్కనే లేదు. కొత్తకోట దాన్ని తోల్కొని పోయిండు."

లాంచీ డ్రైవరు శవం తేలింది, సత్తమ్మ మొగుడు బీరప్పది తేలలేదు. ఎల్లేశానికి అదే కలిసొచ్చింది. అన్న చచ్చాడని తేలితే సగం గొర్లమంద వదినకు ఇవ్వాలి. లేచిపోయాడంటే మొత్తం తనదే. ఊళ్లో సత్తమ్మ ఇటు ముత్తైదువా కాదు, అటు విధవా కాదు. ఎవరు పడితే వాళ్లు నవ్వడానికి మాత్రం పనికొచ్చింది.

అప్పలస్వామి మునిగాడు, ఇంజనుకు గొలుసు తగిలించి తేలాడు. "లాంచీ గదిలో వాలుగ చేపలు కాపరమెట్టాయి. ఇంకేటీ లేదు."

మర తిప్పి ఇంజనును ఒడ్డుకు లాగారు. దాని ఇరుసుకు నల్లటి మేకవెంట్రుకల తాడు ముక్క చుట్టుకుని ఉంది. అందులో ఎర్రదారం. దిష్టి తగలొద్దని సత్తమ్మే పేనింది. ముందు నడిచే పొట్టేలు పడవలో బెదరకుండా దాని తాడును నడుముకు చుట్టుకోవడం గొర్లకాపరుల అలవాటు. నేల మీదైతే మంచి అలవాటే.

తాడు కొస కత్తితో కోసినట్టు నున్నగా ఉంది.

సత్తమ్మ అప్పలస్వామి మీదికి వచ్చింది. "కోసినవ్ గదా! గా కొసకు ఎవడున్నడో సూసి గూడ కోసినవ్!"

అప్పలస్వామి తల వంచుకున్నాడు. "శవం తీస్తే పోలీసులొస్తారు, పనాగిపోద్దని కంట్రాక్టరు..."

అతను విప్పి పెట్టిన సిలిండరును ఆమె రెండు చేతులా వాటేసుకుంది. ఎల్లేశం వచ్చి జుట్టు పట్టి లాగాడు. వదల్లేదు.

"కొట్టు! మీ అన్న లాంచీ ఎక్కుకుంట గీ తాడు నడుముకు సుట్టుకుంటాంటే పొట్టేలును పట్టుకున్నది నువ్వే గాదుర?"

ఎల్లేశం చెయ్యి వదులైంది. అప్పలస్వామి ఆమె చేతుల్లోంచి సిలిండరు మెల్లగా తీసుకుని మళ్లీ దిగాడు.

బీరప్ప పైకొచ్చాడు. నడుముకు ఎర్రదారం తాడు, భుజాన గొంగడి.

సత్తమ్మ ఏడవలేదు. రెండు చేతుల గాజులూ ఆ ఇంజనుకేసి కొట్టుకుంది. నెత్తురు కారుతున్న చెయ్యి మరిది ముందు చాచింది.

"ఇగ ముండమోసిన. సగం మంద తోలు."