డాక్టరమ్మ చెప్పిన మాట

గర్భసంచి క్యాన్సరు నయమై ఇంటికి వెళ్ళిన మునెమ్మ, ఏడాది తర్వాత కూడా ఎద్దుల కొట్టంలోనే బతుకుతోంది.

1982 వేసవి. మునెమ్మ మళ్ళీ చూపించుకోవడానికి రాలేదని, మదనపల్లె ఆసుపత్రి నర్సు సువర్ణ పుంగనూరు బస్సెక్కి, దారిలో దిగి, నడిచి ఆ పల్లెకు వచ్చింది. కొట్టంలో ఓ మూల చాప, తినే సత్తు తట్ట, ముంత. వాటిని ఇంకెవరూ ముట్టరు.

"రక్తం ఇంకా పోతాండాదా?"

"వేలూరులో కరెంటు పెట్టినాక నిలిచిపాయె." రేడియేషన్‌కు మునెమ్మ మాట, కరెంటు.

"మరి ఈడ యాల ఉండావు?"

"డాక్టరమ్మే చెప్పిందంట గదమ్మా, పిల్లోళ్ళకు అంటుకుంటాదని. ఈడే నయంలే. ఎద్దులు మా ఇంటాయన మాదిరి గురక పెట్టవు."

ఇంట్లో ఉయ్యాలలో పసిబిడ్డ ఏడ్చింది. మునెమ్మ నవ్వు ఆగిపోయింది.

"నా మనవరాలు. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదమ్మా."

సువర్ణకు ఒళ్ళు మండింది. ఇది అంటుకునే జబ్బు కాదని డాక్టరమ్మ చెప్పినప్పుడు తను పక్కనే ఉంది. కాకపోతే ఆ మాట చెప్పింది ఆసుపత్రి వరండాలో, మునెమ్మ మొగుడు చెంగయ్యకు. మగవాడికి చెబితే ఇంటికి చెప్పినట్టేనని అందరి లెక్క.

మైల అంటూ మునెమ్మను అత్త అక్కమ్మే బయట పెట్టి ఉంటుందని ముందు ఆమెను నిలదీసింది.

"ముట్టయితే మూడు దినాలే గదా," అంది ముసలామె. "ఏడాది పొడుగునా బయట పెడితే నాకేమొస్తాది, ఇంటి చాకిరీ తప్ప? డాక్టరమ్మ మాటని నా కొడుకే చెప్పినాడు."

చెంగయ్య వేరుశనగ చేలో ఉన్నాడు. నర్సును చూసి పార కింద పెట్టాడు.

"డాక్టరమ్మ నీకేం చెప్పింది, చెంగయ్యా?"

అతను తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"బాగైంది, అంటుకోదు అనే చెప్పింది. నాకే నమ్మకం కుదర్లా. దాని పక్కన పండుకునేదానికి భయమేసింది. భయమంటే ఊరు నవ్వుతాది. డాక్టరమ్మ మాటంటే ఎవురూ అడగరు. ఇప్పుడు భయం పాయె, చెప్పేదానికి మొగం లేదు. దినామూ సంగటి ఎత్తుకొని పోతా, ఈ పొద్దన్నా చెబుదామని. అది నన్ను సూస్తానే, 'ఆడ పెట్టి పో, నీకంటుకుంటే ఇంటికి దిక్కెవురు' అంటాది. పెట్టేసి వస్తా."