ఫెలిసా నిలబడే చోటు

పీతల ఫ్యాక్టరీలో బెల్టు నడుస్తుండగానే ఫెలిసాను బయటికి నడిపించి వ్యానెక్కించారు. ఏప్రన్ కూడా విప్పుకోనివ్వలేదు. ఆమె చేసిన నేరం, పర్మిట్ పొడిగింపు ఉత్తరాల మీద సంతకం ఎప్పుడు పెడతారని మేనేజరు గోగెన్‌ని అందరి ముందూ అడగడం. ఆ ఉత్తరం లేకపోతే ఫిలిప్పీన్స్ మనిషికి కెనడాలో నిలువ నీడ లేదు.

మిగతా పదిమందీ తలొంచుకుని పీతల కాళ్లు విరుస్తూనే ఉన్నారు. ఆమె పక్కనే నిలబడే బసీలియా కూడా.

మర్నాడు ఆ చోట ఎవరూ నిలబడలేదు. అక్కడ చలిగా ఉందన్నారు. పీతల ఫ్యాక్టరీలో చలి వింతేమీ కాదు గానీ, ఆ చలి అచ్చం ఫెలిసాలాగే దగ్గుతోందట.

"తప్పు మనదే," అంది ముసలి ఉర్సులా, మధ్యాహ్నం భోజనాల దగ్గర. "ఒక చోటు వదిలి పోయేటప్పుడు 'రా, పోదాం, ఇక్కడే ఉండిపోకు' అని మన ప్రాణాన్ని పిలుచుకుంటాం కదా. ఫెలిసాకి ఆ తీరికే ఇవ్వలేదు. మనమైనా పిలవాల్సింది. పీతల్ని చూస్తూ నిలబడ్డాం."

"ఇప్పుడు పిలిచేద్దాం," అంది మారిసెల్. "ఆ చోట నిలబడితే నాకు ఉత్తరం ఇస్తానన్నాడు గోగెన్."

"నీకూ అన్నాడా? నాకొక్కదానికే అనుకున్నానే," అంది ఇంకొకామె.

తీరా చూస్తే పదిమందికీ అన్నాడు. ఒక్కొక్కరికీ గుట్టుగా.

"పిలవొద్దు," అంది బసీలియా. "ఉండనీ. మనలో పర్మిట్ అక్కర్లేనిది ఇప్పుడు ఆ ప్రాణమొక్కటే. ఎల్లుండి విమానం ఎక్కించేదాకా ఫెలిసాను పట్నంలోనే ఉంచుతారట. ముందు మనిషిని తేవాలి. తర్వాత అందరికీ ఒకే రోజు ఉత్తరాలు."

"నిన్నూ పంపేస్తారక్కా," అంది మారిసెల్.

"నిన్న నోరు మూసుకునే ఉన్నాను. నా పర్మిట్ ఒక్కరోజైనా పెరిగిందా?"

భోజనాలయ్యాక గోగెన్ తనే ఏప్రన్ కట్టుకుని వచ్చాడు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదంటూ ఫెలిసా చోట నిలబడ్డాడు. మూడు పీతలు విరిచాడు. నాలుగోదానికి చెయ్యి చాచేసరికి బెల్టు మీద పీతలతోపాటు చేతితొడుగులు వస్తున్నాయి. పది జతలు, పదిమందీ విప్పి పెట్టేసినవి. చేతుల్లేని వేళ్లు అతని ముందునుంచి నింపాదిగా సాగిపోయాయి.

"మీ పర్మిట్లు ఇంకా తొమ్మిది రోజులే," అన్నాడు, ఎవరి వంకా చూడకుండా.

"తెలుసు. పీతలు పాడవకుండా ఎన్ని గంటలుంటాయో మీకూ తెలుసు," అంది బసీలియా. "ఫెలిసాను తీసుకురండి."

రేవులో పడవ కూత పెట్టింది. సరుకు దించే మెక్సికో వాళ్లు గంపలతో గుమ్మం దాకా వచ్చి లోపలికి చూశారు. వాళ్లకీ కావలసింది అదే ఉత్తరం.

గంపలు గుమ్మం బయటే దించారు.