ఆషెర్ నేర్పిన నంబరు

ఆషెర్‌కు పంజగుట్టలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సేఫ్టీ చూసే ఉద్యోగం. మిగతావాళ్ళు ఏసీలో కూర్చుని కోడ్ రాసుకుంటుంటే, మంటలు లేస్తే వాళ్ళంతా ఏ మెట్ల మీదుగా దిగాలో ఈయన ఆలోచించాలి. ఆఫీసు గుబులు ఆఫీసులోనే వదిలేసి వచ్చే రకమైతే బాగుండేది. బల్కంపేటలోని మూడు గదుల అద్దె ఇంటికి కూడా దాన్ని మోసుకొచ్చాడు. తలుపు వెనక మేకుకు టార్చిలైటు, గ్యాసు బండ పక్కన గోనెపట్టా, బీరువా మీద సర్టిఫికెట్ల సంచి, ఫ్రిజ్ మీద డాక్టర్ల నంబర్లు. మబ్బు పట్టకముందే గొడుగు విప్పే మనిషని భార్య డయానా నవ్వేది. నవ్వితే నవ్వనీ, టార్చిలో బ్యాటరీలు మాత్రం నెలనెలా మార్చాల్సిందే.

తండ్రి జాన్‌బాబుకు మతిమరుపు మొదలయ్యాక ఆషెర్‌కు అసలు పని దొరికింది. లక్డీకాపూల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసిన మనిషి, ఏ కాగితం ఏ ర్యాకులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండడం లేదు. ఈయన తప్పిపోతే ఎలా అన్న ఒక్క ప్రశ్న ఆషెర్‌ను నిద్రపోనివ్వలేదు. ఇంటి ఫోన్ నంబరును ఒక కీర్తన బాణీలో కట్టి, ఆర్నెల్ల పాటు రోజూ ప్రార్థన తర్వాత పాడించాడు. ప్రతి ఆదివారం చర్చి నుంచి డయానాను ముందుగా ఇంటికి పంపి, తండ్రిని కిరాణా కొట్టు ముందున్న ఎర్ర డబ్బా ఫోను దగ్గర ఆపేవాడు. రూపాయి బిళ్ళ చేతికిచ్చి, పక్కనే నిలబడి, నంబరు నొక్కించేవాడు. ఇంట్లో డయానా ఎత్తేది.

"చెప్పు మామా."

"నేను ఈడ ఉన్న బిడ్డా."

అంతే, పరీక్ష పాసు. పాస్టరుగారి పేరు మర్చిపోయిన రోజున కూడా ఆయన నంబరు మర్చిపోలేదు. ఆషెర్ ఈ సంగతి ఆఫీసులో నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాడు.

తర్వాత ఇంట్లోకి సెల్‌ఫోన్లు వచ్చాయి, మొగుడికొకటి, పెళ్ళానికొకటి. ఇక మూల కూర్చున్న ఫోనెందుకని ఆషెర్ స్వయంగా టెలిఫోన్ ఆఫీసుకు వెళ్ళి దాన్ని తీయించేశాడు. ఫ్రిజ్ మీది కాగితం మార్చాడు, డాక్టరు ఫైల్లో మార్చాడు, ఇంటి ఓనరుకు రాసిచ్చాడు. తండ్రి తలలో మాత్రం మార్చలేకపోయాడు. పదంకెల కొత్త నంబరు నాలుగో అంకె దాకా వచ్చి, పాత బాణీలోకి జారిపోయేది. సరేనని కార్డు మీద రాసి చొక్కా జేబులో పెట్టాడు. మనుషులు చొక్కాలు మారుస్తారన్న సంగతి అంత ముందుచూపున్నవాడికి తట్టలేదు.

బల్కంపేట గుడిలో ఎల్లమ్మ కల్యాణం రోజున గల్లీ నిండా జనం. జాన్‌బాబు గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. పాలు పొంగుతున్నాయని డయానా లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆయన లేడు. కార్డు దండెం మీది చొక్కాలో ఉండిపోయింది. ప్యాంటు జేబులో ఎప్పుడూ ఉంచే రూపాయి బిళ్ళలు మాత్రం ఆయన వెంట వెళ్ళాయి.

రెండు రోజులు ఆషెర్ కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. యూసుఫ్‌గూడ గల్లీలు, అమీర్‌పేట బస్టాపులు, ఆసుపత్రులు అన్నీ అయ్యాయి. మొదటిరోజే ఫిర్యాదు రాసిచ్చిన పోలీస్ స్టేషన్లో మూడోరోజు పొద్దున హెడ్ కానిస్టేబుల్ అడిగాడు.

"పెద్దాయనకు ఏం యాదికుంటదన్నా?"

"ఇంటి ఫోన్ నంబర్ సార్."

"మరి ఫికరెందుకు? ఆయనే చేస్తడు గద."

"గా నంబర్ తీసేయించినం సార్."

"ఎవరు తీయించిన్రు?"

"నేనే."

కానిస్టేబుల్ తలెత్తి చూసి, మళ్ళీ రాసుకున్నాడు. ఒక తిట్టు తిట్టినా బాగుండేదనిపించింది ఆషెర్‌కు.

బయటికొచ్చి, చచ్చిన నంబరని తెలిసి కూడా, సెల్‌లో నొక్కాడు. అది మోగింది. ఎవరో అమ్మాయి ఎత్తింది.

"గుడ్ మార్నింగ్ సార్. జావా కొత్త బ్యాచ్ సోమవారం నుంచి ఉంది."

ఆ నంబరును నెల కిందట అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కు ఇచ్చారట. ఎవరైనా పెద్దాయన ఫోన్ చేశాడా అని ఆషెర్ అడిగాడు.

"అవ్ సార్, ఒక తాత చేస్తుండు. నిన్న రెండుసార్లు, ఇయ్యాల పొద్దుగాల ఒకసారి. 'నేను ఈడ ఉన్న బిడ్డా' అంటడు. రాంగ్ నంబర్ తాతా అని పెట్టేసిన."

పావుగంటలో ఆషెర్ అక్కడున్నాడు. మెట్ల నిండా బ్యాగులు తగిలించుకున్న పిల్లలు. రిసెప్షన్లో ఉన్న అమ్మాయి పేరు నూరీన్. సంగతంతా విని ఆమె ముఖం చిన్నబోయింది. "నాకేం తెల్సు భాయ్. జర అడిగినా అయిపోతుండె" అంది. ఆమె తప్పేముంది? రోజుకు వంద ఫోన్లు ఎత్తే పిల్ల. నంబరు కనిపించే ఫోను కూడా కాదది. కాల్ ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలంటే పోలీసుల ఉత్తరం కావాలని, వారం పడుతుందని సెల్‌లో అడిగితే టెలిఫోన్ ఆఫీసువాళ్ళు చెప్పారు. మిగిలింది ఒకటే దారి. జాన్‌బాబు మళ్ళీ ఫోన్ చెయ్యాలి. నూరీన్ స్టూలు జరిపి ఆషెర్‌ను ఫోను పక్కన కూర్చోబెట్టింది. నగరానికి ఆ చివర ఆసుపత్రిలో వెతుకుతున్న డయానా ఆటో ఎక్కానని సెల్‌లో చెప్పింది.

మోగిన ప్రతిసారీ నూరీన్ కన్నా ముందు ఆషెరే ఎత్తాడు. ఒరాకిల్ కోర్సు ఎన్ని నెలలని ఒకడు, దగ్గర్లో హాస్టల్ దొరుకుతుందా అని ఇంకొకడు. అందరికీ ఓపికగా జవాబు చెప్పి, తొందరగా పెట్టేసేవాడు. మధ్యాహ్నం దాటింది. ఇంకోసారి మోగింది. అవతల బస్సుల హారన్లు.

"బిడ్డా, నేను ఈడ ఉన్న."

"నాయినా, యాడున్నవ్? నేను ఆషెర్‌ని."



"డయానమ్మ లేదా?"

"వస్తున్నది నాయినా. నీ పక్కన ఎవరున్నరు? జర వాళ్ళకు ఫోనియ్యి."

"మీరెవరు బాబు?" అంది జాన్‌బాబు గొంతే.

"నేనే నాయినా. ఆషెర్‌ని. నీ కొడుకుని."

జాన్‌బాబు చిన్నగా నవ్వాడు.

"ఆషెర్ ఫోన్‌ల ఉండడు బాబు. నేను ఫోన్ చేస్తుంటే నా పక్కన నిలబడి ఉంటడు. నంబర్ తప్పు పోయినట్టున్నది, ఏమనుకోకుండ్రి."

ఫోను పెట్టేశాడు.

ఆషెర్ రిసీవర్‌ను చెవి నుంచి తీయలేదు. నూరీన్ రెండుసార్లు చెప్పి, చివరికి మెల్లగా భుజం తట్టింది.

"పెట్టెయ్యి భాయ్. లైన్ బిజీ ఉంటే తాత మళ్ళ ఎట్ల చేస్తడు?"

ఆషెర్ పెట్టేశాడు. లేచి, ఆమె కుర్చీ ముందుకు ఫోను జరిపి, గోడవారగా వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి మోగితే తను ఎత్తకూడదు, నూరీనే ఎత్తి 'చెప్పు మామా' అనాలి.